దొరకకపోతే లేనట్టేనా?

రాయ్‌పూర్ ఓటర్లకు 2025 నవంబరులో ఉన్నట్టుండి 2003తో పనిపడింది. ఎన్నికల సంఘం అక్టోబరు 27న ప్రకటించిన ఓటర్ల జాబితా ప్రత్యేక సమగ్ర సవరణ రెండో దశ 12 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలకు వర్తించింది. వాటిలో ఛత్తీస్‌గఢ్ ఒకటి. అక్కడ అంతకుముందు ఇలాంటి సవరణ జరిగింది 2003లోనే. నాటి జాబితాలో తన పేరో, తల్లిదండ్రుల పేరో చూపగలిగితే పని సులువు. లేదంటే నోటీసులు, పత్రాల వేట తప్పవు. ఇరవై రెండేళ్ల నాటి ఉనికిని వెబ్ పేజీలోని ఓ చిన్న గడిలో, సెర్చ్ బాక్స్‌లో, వెతుక్కోవలసి వచ్చింది.

పేజీలో గడి పెట్టి, పక్కన బటన్ తగిలించడం నాలుగు వరుసల పని. అసలు కష్టమంతా దాని వెనుకే. టైపు చేసిన అక్షరాలను యంత్రం దేనితో పోల్చుతుంది, ఎంత తేడాను మన్నిస్తుంది, ఏమి చూపిస్తుంది అన్నవే ఆ గడి విలువను తేలుస్తాయి.

రాయ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగువారికి ఈ చిక్కు మరీ ఎక్కువ. అక్కడి రికార్డులు హిందీలో ఉంటాయి. మన ‘వెంకట’లోని హ్రస్వం హిందీ రాతలో దీర్ఘమవుతుంది. ‘రావు’ ఒక చోట ‘రావ్’, మరో చోట ‘రావు’. ఇంటిపేరు ముందు రాసే అలవాటు వల్ల ఇంటిపేరే అసలు పేరైపోవచ్చు. మనిషి కంటికి ఇవన్నీ ఒక్కరే. అక్షరానికి అక్షరం పోల్చే యంత్రానికి మాత్రం ఒక్క గుణింతం మారినా మరో మనిషే. ‘రికార్డు లభించలేదు’ అన్న జవాబు చూసినవారికి, పేరు నిజంగా లేదో, రాతలో తేడా ఉందో తెలిసే దారి లేదు.

దీనికి మందు కొత్తదేమీ కాదు. రాబర్ట్ రస్సెల్ అనే అమెరికన్ 1918లోనే ‘సౌండెక్స్’ పద్ధతికి పేటెంట్ పొందారు. తర్వాత దాన్ని మెరుగుపరచి అమెరికా జనాభా లెక్కల పాత రికార్డుల్లో పేర్లు వెతకడానికి వాడారు. మొదటి అక్షరాన్ని ఉంచి, అచ్చులను వదిలేసి, దగ్గరి ధ్వనులున్న హల్లులకు ఒకే అంకె ఇవ్వడం దాని కిటుకు. ‘లక్ష్మి’ని ఇంగ్లిష్‌లో కె, ఎస్, హెచ్‌లతో రాసినా, ఎక్స్‌తో రాసినా వచ్చే కోడ్ ఒకటే: ఎల్250. భారతీయ లిపులకు వాటి ఉచ్చారణకు తగ్గ పట్టిక వేరే కావాలి, అంతే.

అయితే వెతకాలంటే ముందు అక్కడ అక్షరాలుండాలి. స్కాన్ చేసిన కాగితం యంత్రానికి ఉత్త బొమ్మ. హిందీ కార్యాలయాల్లో ఏళ్ల తరబడి వాడిన కృతిదేవ్, తెలుగులో వాడిన అను వంటి ఫాంట్లతో కొట్టిన పత్రాలదీ ఇంచుమించు అదే గతి. కంటికి దేశభాష, ఫైలులో మాత్రం ఇంగ్లిష్ అక్షరాల సంకేతాలు. వాటిని యూనికోడ్‌లోకి మార్చనిదే ఎంత మంచి సెర్చ్ బాక్స్ అయినా అలంకారమే.

న్యాయస్థానాలూ ఈ గడిని పట్టించుకోక తప్పలేదు. ఓటర్ల జాబితాను వెతకడానికి వీలైన టెక్స్ట్ రూపంలో ఇప్పించాలన్న పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2018 అక్టోబరులో తోసిపుచ్చింది. బీహార్ వ్యవహారంలో మాత్రం 2025 ఆగస్టు 14న, ముసాయిదాలో చోటు దక్కని సుమారు 65 లక్షల మంది వివరాలను కారణాలతో సహా వెబ్‌సైట్లలో పెట్టాలని, ఓటరు కార్డు నంబరుతో వెతుక్కునే వీలుండాలని ఆదేశించింది.

అన్నీ బయట పెట్టేయడమూ ప్రమాదమే. నాలుగు ప్రభుత్వ పోర్టళ్ల ద్వారా సుమారు 13 కోట్ల ఆధార్ నంబర్లు బయటపడి ఉండవచ్చని 2017 మేలో ఒక అధ్యయనం అంచనా వేసింది. వాటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వే. కాబట్టి ఫలితాల పేజీ మనిషిని గుర్తుపట్టడానికి సరిపడా చూపాలి: పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు, పోలింగ్ కేంద్రం. అంతకు మించి అక్కర్లేదు.

రాయ్‌పూర్‌కు ఈ విద్య కొత్త కాదు. ఛత్తీస్‌గఢ్ 2007-08లోనే రేషన్ సరఫరాను కంప్యూటరీకరించి, లారీ బయల్దేరగానే పేరు నమోదు చేసుకున్న పౌరుల సెల్‌ఫోన్‌కు సందేశం పంపింది. జనం సమాచారం కోసం వెతకడం కాదు, సమాచారమే జనం దగ్గరకు వెళ్లింది. సెర్చ్ బాక్స్‌కూ ఆ మర్యాద నేర్పవచ్చు. సరిగ్గా అదే పేరు తగలకపోతే దగ్గరి పేర్లు పది చూపాలి. అవీ లేకుంటే ఎవరిని కలవాలో, ఏ గడువులోగా కలవాలో చెప్పాలి. యంత్రానికి ‘దొరకలేదు’ అనే హక్కుంది. ‘లేరు’ అని తేల్చే హక్కు లేదు.