సంతకం చేయించుకుని తలుపేస్తే ఎలా? నాస్కామ్‌కు బహిరంగ లేఖ

ఐటీ కంపెనీల సంఘం నాస్కామ్ అధ్యక్షులు, గౌరవనీయులైన రాజేశ్ నంబియార్ గారికి,

2025 జులై మీకు గుర్తుండే ఉంటుంది. ఆ నెలాఖరున టీసీఎస్ తన సిబ్బందిలో 2 శాతాన్ని, అంటే 12 వేల మందికి పైగా తగ్గించుకోబోతున్నట్టు ప్రకటించింది. దేశమంతా దాని గురించే మాట్లాడుకుంది. మీ సంస్థ కూడా స్పందించింది. పరిశ్రమ పెద్ద మలుపులో ఉందని, పాత నైపుణ్యాలను మళ్లీ బేరీజు వేసుకునేటప్పుడు కొంత సిబ్బంది సర్దుబాటు జరగవచ్చని చెప్పింది. అదే నెలలో, అదే కంపెనీ గురించి ఇంకో సంగతి కూడా బయటికొచ్చింది. ఆఫర్ లెటర్ ఇచ్చి, జాయినింగ్ తేదీ చెప్పి, తీరా సమయం వచ్చాక చేర్చుకోకుండా ఆపిన అనుభవజ్ఞులు 600 మందికి పైగా ఉన్నారని పుణె కేంద్రంగా పనిచేసే ఐటీ ఉద్యోగుల సంఘం ఎన్‌ఐటీఈఎస్ కేంద్ర కార్మిక మంత్రి మన్‌సుఖ్ మాండవీయకు ఫిర్యాదు చేసింది. ఇచ్చిన ప్రతి ఆఫర్‌కూ కట్టుబడి ఉన్నామని, వ్యాపార అవసరాన్ని బట్టి తేదీలు మారుతుంటాయని కంపెనీ బదులిచ్చింది. ఈ రెండో సంగతి మీద మీ ప్రకటనలో ఒక్క ముక్కా లేదు.

ఉద్యోగం పోయినవాళ్ల గురించి మాట్లాడటానికి మీకు మాటలు దొరికాయి. ఉద్యోగం వచ్చిందని చెప్పి గుమ్మం బయటే నిలబెట్టినవాళ్ల గురించి ఎందుకు దొరకలేదు?

ఆ గుమ్మం దాకా ఒక మనిషి ఎలా వస్తాడో మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నాస్కామ్‌కు రాకముందు ఒక పెద్ద ఐటీ కంపెనీ భారత విభాగాన్ని నడిపినవారు మీరు. అయినా ఒకసారి గుర్తుచేసుకోవడం మంచిది. మాదాపూర్‌లో ఏడెనిమిదేళ్లుగా పనిచేస్తున్న ఒక టెస్టర్ అనుకోండి. మూడు రౌండ్ల ఇంటర్వ్యూలు అవుతాయి. మూడు నెలల పే స్లిప్పులు, ఫారం 16, పీఎఫ్ చరిత్ర, డిగ్రీ సర్టిఫికెట్లు అన్నీ అప్‌లోడ్ చేస్తాడు. ఆఫర్ వస్తుంది, ఒప్పుకుంటాడు. అప్పుడు ఉన్న ఉద్యోగానికి రాజీనామా. అక్కడి నుంచి 90 రోజుల నోటీస్ పీరియడ్. ఈలోగా పాత మేనేజరు ఉండిపొమ్మంటాడు, జీతం కాస్త పెంచుతానంటాడు. మాట ఇచ్చేశానండీ అని ఇతను వద్దంటాడు. తన పని ఇంకొకరికి నేర్పి, ల్యాప్‌టాప్ అప్పగించి, రిలీవింగ్ లెటర్ తీసుకుని బయటికొస్తాడు. ఆ రోజుతోనే కంపెనీ గ్రూప్ మెడిక్లెయిమ్ ఆగిపోతుంది. దాని మీదే ఆధారపడ్డ అమ్మానాన్నలకు ఆ పూట నుంచి బీమా లేదు. ఇంటి లోన్ ఈఎంఐ మాత్రం ఆగదు.

అప్పుడొస్తుంది మెయిల్. మీ జాయినింగ్ తేదీ వాయిదా పడింది, కొత్త తేదీ త్వరలో తెలియజేస్తాం. దానికి తిరిగి రాయడానికి లేదు, అది ఎవరూ చదవని చిరునామా నుంచి వస్తుంది. ఫోన్ చేస్తే నిన్నటిదాకా రోజుకు రెండుసార్లు పలకరించిన హెచ్ఆర్ అమ్మాయి ఎత్తదు. పాపం, ఆమెకూ ఏం చెప్పాలో తెలియదేమో. పాత కంపెనీలో సీటు వేరొకరికి వెళ్లిపోయింది, కొత్తదాంట్లో ఐడీ కార్డు రాలేదు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే. వేరేచోట ఇంటర్వ్యూకి వెళ్తే ముందు అడిగేది, ఇప్పుడెక్కడ చేస్తున్నారని. చేతిలో ఉద్యోగం లేదని తెలిసిన మరుక్షణం జీతం బేరం కిందికి దిగుతుంది. ఈ నష్టాన్ని మీ పరిశ్రమ ఏ ఖాతాలో రాస్తుంది?

ఇది కొత్త రోగం కాదు, మీకూ తెలుసు. 2022లో ఇన్ఫోసిస్ క్యాంపస్‌లలో ఎంపిక చేసుకున్నవాళ్లలో దాదాపు 2 వేల మంది రెండేళ్లపాటు ఎదురుచూశారని అదే ఎన్‌ఐటీఈఎస్ ఫిర్యాదు చేసింది. మధ్యలో మళ్లీ జీతం లేని ఆన్‌లైన్ శిక్షణ, మళ్లీ పరీక్షలు. కేంద్ర కార్మిక శాఖ 2024 ఆగస్టులో కర్ణాటక ప్రభుత్వానికి లేఖ రాసింది. ఇచ్చిన ప్రతి ఆఫర్‌ను గౌరవిస్తామని సీఈఓ సలీల్ పరేఖ్ చెప్పారు. ఆ అక్టోబరులో చేర్చుకున్నారు కూడా, ఆ మేరకు మాట నిలబెట్టుకున్నారు. కానీ 2025 ఫిబ్రవరిలో మైసూరు క్యాంపస్‌లో అంతర్గత పరీక్ష మూడుసార్లు రాసినా గట్టెక్కలేదంటూ 300 మందికి పైగా ట్రైనీలను పంపించేశారు. రెండేళ్లు ఆగి చేరినవాళ్లు వాళ్లలోనూ ఉన్నారు. అది ఒప్పందంలో ఉన్న షరతేనని కంపెనీ అంది. ఉండవచ్చు. రెండేళ్లు ఖాళీగా కూర్చోబెట్టడం కూడా ఒప్పందంలో ఉందా?

ఈ రెండేళ్ల మీద ఇంకో లెక్క ఉంది. బ్యాంకుల సంఘం నమూనా పథకం ప్రకారం చదువు అప్పుకు కోర్సు ముగిశాక ఏడాది వరకే వాయిదాల నుంచి విరామం. 2022 వేసవిలో బీటెక్ పూర్తయినవాడికి 2023 వేసవికల్లా వాయిదాలు మొదలవుతాయి. జీతం మొదలైంది 2024 అక్టోబరులో. మధ్యలో ఆ వాయిదాలు కట్టిందెవరు? ఆ ఇళ్లలో ఎవరిని అడిగినా చెబుతారు.

విప్రో సంగతి వేరే. 2023 ఫిబ్రవరిలో, ఏడాదికి ఆరున్నర లక్షలని ఆఫర్ ఇచ్చినవాళ్లను మూడున్నర లక్షలకు వస్తారా అని అడిగింది. తర్వాత 92 శాతం మంది ఒప్పుకున్నారని కంపెనీయే చెప్పుకుంది. ఒప్పుకోక ఏం చేస్తారు?

మీ సభ్య కంపెనీలకూ ఒక వాదన ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. 2021, 2022లో అభ్యర్థులు నాలుగేసి ఆఫర్లు జేబులో పెట్టుకుని చివరి రోజున ముఖం చాటేశారు. ఉద్యోగులు కంపెనీలు మారే వలసలు అంతలా ఉండేవి: 2022 జూన్ త్రైమాసికంలో ఇన్ఫోసిస్‌లో వలసల రేటు 28.4 శాతానికి చేరింది. సగం మంది రారులే అనుకుని కంపెనీలు అవసరానికి మించి ఆఫర్లు పంచాయి. 2021-22లో ఇన్ఫోసిస్ ఒక్కటే 85 వేల మంది ఫ్రెషర్లను తీసుకుంది. 2023-24 వచ్చేసరికి ఆ సంఖ్య 11,900. అమెరికా, ఐరోపా క్లయింట్లు ఖర్చు తగ్గించుకుంటే ప్రాజెక్టులు ఆగుతాయి, ప్రాజెక్టు లేనిదే బెంచ్ మీద కూర్చోబెట్టి జీతం ఇవ్వలేరు. ఇదంతా నిజమే. అంచనా తప్పింది కంపెనీది. మరి మూల్యం మొత్తం ఒప్పుకున్నవాడే ఎందుకు కట్టాలి?

చట్టం ఏం చెబుతోందని ఎవరైనా అడగవచ్చు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఐదో సెక్షన్ ప్రకారం ఎదుటివాడి అంగీకారం బయలుదేరకముందే ప్రతిపాదనను వెనక్కి తీసుకోవాలి, తర్వాత కుదరదు. ఒప్పందం తప్పితే నష్టపరిహారం 73వ సెక్షన్‌లో ఉంది. వినడానికి బాగుంది. కానీ ఉద్యోగం ఇచ్చి తీరాలని కోర్టు బలవంతపెట్టదు, ఆఫర్ లెటర్ అడుగున వ్యాపార అవసరాల పేరుతో ఒక వాక్యం ఉండనే ఉంటుంది. నెలకు పాతిక వేల జీతం కోసం ఏళ్ల తరబడి సివిల్ కోర్టుకు తిరిగేదెవరు? కార్మిక శాఖకు వెళ్తే మొదటి ప్రశ్న, నీ ఎంప్లాయీ నంబరెంత? చేరనివాడికి నంబరుండదు కదా. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లు అందరికీ నియామక పత్రం ఇవ్వాలన్నాయి. మంచిదే, కాకపోతే అది లోపల అడుగుపెట్టినవాళ్ల మాట.

అదే అభ్యర్థి మాట తప్పితే? 2025 మేలో విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు, మూడేళ్లు నిండకుండా వెళ్లిపోయిన ఉద్యోగి 2 లక్షలు కట్టాలన్న బాండు చెల్లుతుందని తేల్చింది.

బలం ఉన్నచోట పరిస్థితి కొంత వేరుగా ఉంటుంది. 2016లో ఫ్లిప్‌కార్ట్ జూన్‌లో చేర్చుకోవలసినవాళ్లను డిసెంబరుకు నెట్టినప్పుడు అహ్మదాబాద్ ఐఐఎం గట్టిగా లేఖ రాసింది. కంపెనీ చేరేటప్పుడు లక్షన్నర ఇస్తానంది. ఆ ఏడాదే ఐఐటీల ప్లేస్‌మెంట్ కమిటీ 31 కంపెనీలను బ్లాక్‌లిస్టులో పెట్టింది. భీమవరంలోనో, నరసరావుపేటలోనో, కరీంనగర్‌లోనో ఉన్న ఇంజినీరింగ్ కాలేజీ ప్లేస్‌మెంట్ ఆఫీసర్ అలా రాయగలడా? రాస్తే వచ్చే ఏడాది ఆ కంపెనీ బస్సెక్కి రాదు. పైగా ఒక ఆఫర్ వచ్చిన విద్యార్థిని మిగతా డ్రైవ్‌లకు కూర్చోనివ్వకపోవడం చాలా కాలేజీల్లో నియమం. ఫ్లెక్సీ మీద ఫొటో పడ్డ పిల్లవాడికి మిగతా తలుపులన్నీ మూసింది ఆ ఒక్క ఆఫరే.

అమెరికాలో అంతా సవ్యంగా ఉందని కాదు. 2022 జూన్‌లో కాయిన్‌బేస్ ఒప్పుకున్న ఆఫర్లను మెయిల్‌తోనే రద్దు చేసింది. చదువు ముగించి తాత్కాలిక ఉద్యోగ అనుమతి (ఓపీటీ) మీద ఉన్న మన పిల్లలకు ఇలాంటి దెబ్బ ఇంకా గట్టిది, నిరుద్యోగంగా 90 రోజులు దాటితే ఆ హోదాయే పోతుంది. అయినా ఆ కంపెనీ చేరనివాళ్లకూ రెండు నెలల జీతం ఇస్తానంది. ఇక్కడ రెండు వారాల జీతమైనా ఇవ్వాలని మీ సభ్యుల్లో ఎవరికైనా తోచిందా?

ఇప్పుడు మీ సొంత విషయం. 2006లో మీ సంస్థ చొరవతోనే నేషనల్ స్కిల్స్ రిజిస్ట్రీ మొదలైంది. అభ్యర్థి ఫొటో, వేలిముద్రలు, చదువు, పాత ఉద్యోగాల వివరాలు అందులో ఉంటాయి. ఎవడైనా దొంగ అనుభవం పెడితే దొరకాలని. దొరకాల్సిందే. మరి ఎన్ని ఆఫర్లు ఇచ్చి ఎన్ని వెనక్కి తీసుకుందో, ఎన్నిసార్లు తేదీ జరిపిందో ఒక కంపెనీ గురించి అభ్యర్థి ఎక్కడ చూసుకోవాలి? ఎదుటివాడి చరిత్ర తవ్వడానికి ఇరవై ఏళ్ల కిందటే తీరిక దొరికింది. మీ సభ్యుల చరిత్రకు ఇంకా దొరకలేదా? ఇన్ని లక్షల మంది పనిచేసే పరిశ్రమ అని ఏటా మీ నివేదికలో గొప్పగా చెబుతారు, 2025లో 58 లక్షలన్నారు. లోపలికి రాలేకపోయినవాళ్లు ఎందరో ఆ నివేదికలో ఎప్పుడు వేస్తారు?

ఏం చేయాలో మీకు నేర్పడానికి కాదు ఈ లేఖ. పరిహారమో, గడువో, ఒక ప్రవర్తనా నియమావళో, పేర్లు బయటపెట్టడమో, మీకు వీలైనదేదో చూడండి. కమిటీలు వేయడం మీకు కొత్త కాదు. వచ్చే క్యాంపస్ సీజన్ మొదలయ్యేలోపు మీ సభ్య కంపెనీలను కూర్చోబెట్టి మాట్లాడండి. ఏం తేలిందో ఆ పిల్లలకు కూడా చెప్పండి.