గొల్యాతు ఖడ్గం, మన షోకేసు

అరకు ప్రాంతంలో సేవ చేస్తున్న తొలి రోజుల్లో ఒక స్నేహితుడు నాకు పాత ఇత్తడి తూటా గొట్టం ఒకటి ఇచ్చాడు. ఏదో కొండవాలులో దొరికిందట. చింతపండుతో తోమితే బంగారంలా మెరిసింది. ప్రసంగాలు రాసుకునే బల్లమీద నిలబెట్టి, వచ్చినవారందరికీ చూపించి మురిసిపోయేవాణ్ణి. ఒకరోజు ప్రార్థన చేయించుకోవడానికి వచ్చిన గిరిజన వృద్ధురాలు దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. 'అయ్యగారూ, గొట్టం మీ దగ్గరుంది. గుండు ఎవరి ఒంట్లో ఉందో?' అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

పాత తూటాలు, బాకులు, సైనికుల బొత్తాలు సేకరించడం లోకమంతటా ఉన్న సరదాయే. యౌవనుల కూటాలకు కొండకు వచ్చే మన పిల్లల్లో కూడా ఈ ఆసక్తి చూస్తున్నాను. తూటాను తాళాల గుత్తికి తగిలించుకున్నవారూ, గొలుసులో శిలువ పక్కనే వేలాడదీసుకున్నవారూ ఉన్నారు. ఇది పాపమా అని అడుగుతారు. వస్తువు పాపం కాదు. అది మన హృదయానికి ఏమి నేర్పుతోందన్నదే ప్రశ్న.

ఈ మన్యంలో తూటాకు పెద్ద చరిత్రే ఉంది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం గిరిజనుల పోడు వ్యవసాయానికి అడ్డుపడింది. రోడ్డు పనుల్లో వెట్టిచాకిరీ వారి వెన్ను విరిచింది. అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై వరుసగా దాడులు జరిగాయి. వారు ఎత్తుకెళ్లింది ముఖ్యంగా తుపాకులు, తూటాలే. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఆంగ్ల అధికారులు హతులయ్యారు. 1924 మే 7న కొయ్యూరులో రాజు తూటాలకు నేలకొరిగాడు. అంతటితో తూటా ఈ కొండలను విడిచిపోలేదు. 2018 సెప్టెంబరు 23న డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టులో అరకు శాసనసభ్యునితోపాటు ఒక మాజీ శాసనసభ్యుణ్ణి మావోయిస్టులు కాల్చిచంపారు. పట్నంవాడికి తూటా పురావస్తువు. ఇక్కడి తల్లికి అది ఇంకా ఆరని గాయం.

దావీదు జీవితంలో ఒక సంగతి గమనించండి. విజయం ఆయుధాల్లో లేదు, దేవునిలో ఉందని యుద్ధభూమిలో చాటినవాడు ఆయన (1 సమూయేలు 17:47). అయినా గొల్యాతు ఆయుధాలను తన డేరాలో ఉంచుకున్నాడు. కొంతకాలానికి ఆ ఖడ్గం నోబులో, యాజకుని వద్ద, బట్టలో చుట్టి ఉంది. సౌలుకు భయపడి పారిపోతున్న దావీదు దాన్ని చూడగానే అలాంటిది మరొకటి లేదంటూ చేయి చాపాడు (21:9). ఒకనాడు దేవుణ్ణి పొగిడిన నోరు ఇప్పుడు ఇనుమును పొగిడింది. అహీమెలెకుపై వచ్చిన ఫిర్యాదులో రొట్టెతోపాటు ఆ ఖడ్గం ఇచ్చిన నేరం కూడా ఉంది. ఫలితంగా 85 మంది యాజకులు ఒక్కరోజున హతులయ్యారు. ఆ మరణాలకు తానే కారకుణ్ణని దావీదు ఒప్పుకున్నాడు (22:22).

మరైతే జ్ఞాపకాలే వద్దా? కావాలి. యొర్దాను దాటాక యెహోషువ పన్నెండు రాళ్లు నిలబెట్టించాడు. పిల్లలు అడిగినప్పుడు దేవుడు చేసిన కార్యం చెప్పడానికే ఆ రాళ్లు (యెహోషువ 4:6-7). ప్రశ్న పుట్టించి, సత్యం చెప్పించేది జ్ఞాపకచిహ్నం. గర్వం పుట్టించి, చచ్చినవాణ్ణి మరిపించేది విగ్రహంతో సమానం.

చరిత్ర బోధించే ఒక మిత్రునికి నా తూటా గొట్టం చూపిస్తే, ఆయన అడిగిన మొదటి మాట 'ఎక్కడ దొరికింది?' నేనెన్నడూ ఆ సంగతి తెలుసుకోలేదు. 'అయితే ఇది నోరులేని సాక్షి' అన్నాడు. 1876లో అమెరికాలో లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధం జరిగిన మైదానంలో 1983లో గడ్డి తగలబడింది. ఆ తర్వాత పరిశోధకులు ఒక్కో తూటా పడివున్న చోటును గుర్తించి, ఎవరు ఎటునుంచి ఎటు కదిలారో తేల్చగలిగారు. మనం సరదాకు ఏరి జేబులో వేసుకుంటే, చనిపోయినవారి తరఫున మాట్లాడే ఆ ఒక్క సాక్షి నోరూ మూసినట్టే.

చట్టాన్ని కూడా మరువరాదు. పేలని తూటాను లైసెన్సు లేకుండా దగ్గర ఉంచుకోవడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం. దాన్ని ముట్టుకోవద్దు, పోలీసులకు చెప్పండి. నేలలో దొరికిన నిక్షేపం విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది. నూరేళ్లు దాటిన పురావస్తువుల వ్యాపారానికి 1972 చట్టం ప్రకారం లైసెన్సు కావాలి. కొనేవాడుంటేనే తవ్వేవాడుంటాడు గనుక, విశ్వాసి కొనకుండా ఉండటమే మేలు. ఇప్పటికే ఇంట్లో ఉంటే, దొరికిన చోటు రాసిపెట్టి పురావస్తు శాఖవారికి చూపించండి.

నా బల్లమీద ఇప్పుడా గొట్టం లేదు. ఆ అవ్వ మళ్లీ వచ్చినప్పుడు తీసేశానని చెప్పాను. 'మరి ఆ మనిషి కోసం ప్రార్థన చేశారా అయ్యగారూ?' అంది. ఇద్దరం మోకరించాం. పేరు తెలియని ఆ మనిషి కుటుంబం కోసం, అతడిపై గురిపెట్టిన మనిషి కుటుంబం కోసం ప్రార్థించాం. ప్రియ యౌవనులారా, మీ షోకేసులో అలాంటిదేదైనా ఉంటే, ఈ రాత్రి ఆ అవ్వ ప్రశ్నను మీరూ ఒకసారి అడిగి చూడండి.