మౌనం సరే, సంతకం మాటేమిటి?

ఆగస్టులో సమావేశాలు జరుగుతున్నట్లయితే మన పార్లమెంటు హిరోషిమా, నాగసాకి మృతుల కోసం లేచి నిలబడి కాసేపు మౌనం పాటిస్తుంది. అదే దేశం మే 11ను, అంటే 1998లో పోఖ్రాన్‌లో అణుపరీక్షలు జరిపిన రోజును, జాతీయ సాంకేతిక దినోత్సవంగా జరుపుకుంటుంది. 2017 జూలై 7న ఐక్యరాజ్యసమితిలో 122 దేశాలు ఆమోదించిన అణ్వాయుధ నిషేధ ఒప్పందం మీద మన సంతకం లేదు. ఆ చర్చలకే మనం వెళ్ళలేదు. ఈ విషయంలో జపాన్ ప్రభుత్వానిదీ మన దారే. అమెరికా అణు ఛత్రం కింద కూర్చుని, ఏటా ఆగస్టు 6న హిరోషిమాలో పుష్పగుచ్ఛం పెడుతుంది.

స్మరణ ఇంత సులువైన పని ఎలా అయింది? ఇది ఆలోచించవలసిన ప్రశ్న అని నేననుకుంటాను. ఎందుకంటే బాధితులకు మౌనం అనేది నివాళిగా రాలేదు, నిర్బంధంగా వచ్చింది. 1945 చివరికి హిరోషిమాలో సుమారు 1,40,000 మంది, నాగసాకిలో సుమారు 70,000 మంది చనిపోయారు. బతికినవాళ్ళు తమకేం జరిగిందో రాయడానికి, అచ్చువేయడానికి అమెరికా ఆక్రమణ కాలంలో సెన్సారు అడ్డుపడింది. 1947 నుంచి హిరోషిమాలో పనిచేసిన అమెరికా కమిషన్ వాళ్ళ శరీరాలను పరీక్షించింది, లెక్కలు రాసుకుంది, వైద్యం మాత్రం చేయలేదు. ఇక సమాజం సంగతి. రేడియేషన్ తగిలిన ఆడపిల్లలకు పెళ్ళిళ్ళు కాలేదు, పుట్టే పిల్లలు ఎలా ఉంటారో అన్న భయంతో. అందుకని చాలామంది తాము హిబాకుషా, అంటే బాంబు బాధితులం, అన్న సంగతే దాచుకున్నారు. స్త్రీ శరీరాన్ని సంతానం లెక్కలోనే చూసే చూపుకి బాంబు ఇంకొక సాకు ఇచ్చింది.

ఈ మౌనాన్ని పగలగొట్టినది ఎవరు? 1954 మార్చి 1న బికినీ దీవుల్లో అమెరికా హైడ్రోజన్ బాంబు పేల్చినప్పుడు ఆ బూడిద 23 మంది ఉన్న ఒక జపాన్ చేపల పడవ మీద పడింది. ఆ పడవలో రేడియో ఆపరేటరు అదే సెప్టెంబరులో చనిపోయాడు. ట్యూనా చేప విషమైంది, కొనేవాళ్ళు లేక చేపల దుకాణాలు మూతపడే స్థితికి వచ్చాయి. అణుబాంబు అప్పుడు వంటింట్లోకి వచ్చింది. టోక్యోలోని సుగినామి వార్డులో చేపలమ్మే కుటుంబాల వాళ్ళు, అక్కడి ప్రజా భవనంలో కూడి పుస్తకాలు చదువుకునే గృహిణులు ఇంటింటికీ తిరిగి సంతకాలు సేకరించడం మొదలుపెట్టారు. సుమారు 3,90,000 జనాభా ఉన్న ఆ వార్డులో రెండు నెలల్లోపే రెండున్నర లక్షలు దాటాయి. 1955 ఆగస్టుకు దేశమంతటా మూడు కోట్లు దాటాయి. ఆ బలం మీదనే 1955 ఆగస్టు 6న హిరోషిమాలో మొదటి ప్రపంచ మహాసభ జరిగింది. మరుసటి ఏడు, 1956 ఆగస్టు 10న, బాధితులు నాగసాకిలో తమ సంఘం నిహోన్ హిదాన్క్యో పెట్టుకున్నారు. 2024లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది దానికే.

ఇంత పని చేసిన స్త్రీలను చరిత్ర ఏమని పిలిచింది? తల్లులని. తల్లి ప్రేమ వల్ల కదిలారని. ఆ మాట వాళ్ళకు కొంత రక్షణ ఇచ్చి ఉండవచ్చు, 'రాజకీయం చేస్తున్నారు' అన్న నింద తప్పించి ఉండవచ్చు. కాని సాయంత్రాలు కూర్చుని చదవడం, పట్టిక రాయడం, తలుపు తట్టడం, కాదన్నవాళ్ళతో వాదించడం, ఇదంతా రాజకీయం కాకపోతే మరేమిటి? ఉద్యమ జనకుడిగా మాత్రం ఆ ప్రజా భవనం డైరెక్టరు, న్యాయశాస్త్ర పండితుడు కవోరు యాసుయి పేరే ముందు వినిపిస్తుంది. తర్వాత పార్టీలు వచ్చాయి. సోవియట్ పరీక్షలను కూడా ఖండించాలా వద్దా అన్న తగవుతో 1960ల మొదట్లో ఉద్యమం చీలిపోయింది. (ఈ కథ మన దగ్గరి ఉద్యమాల్లో ఉన్న ఏ స్త్రీకీ కొత్తగా అనిపించదు.)

స్మరణలో కూడా లోపలివాళ్ళు, బయటివాళ్ళు ఉంటారు. వలస పాలనలో కొరియా నుంచి వచ్చి, కూలికి తెచ్చినవాళ్ళతో సహా వేలమంది కొరియన్లు హిరోషిమాలో చనిపోయారు. వాళ్ళ స్మారకం 1970లో కట్టారు, శాంతి పార్కు బయట. అది లోపలికి రావడానికి 1999 దాకా పట్టింది. కాగితపు కొంగలు మడిచిన పన్నెండేళ్ళ సదాకో సాసాకి బొమ్మ అందరికీ తెలుసు, మన బడిపిల్లలకు కూడా. ఆ పాప గురించి నాకు ఫిర్యాదు ఏమీ లేదు. కాని నోరులేని పసిపిల్ల మాత్రమే బాధితురాలిగా గుర్తుండటం ప్రభుత్వాలకు ఎంత సుఖం! నష్టపరిహారం అడిగే ముసలమ్మ, కూలి కొరియన్, సంతకాల పుస్తకం పట్టుకున్న గృహిణి అంత సులభంగా పూలదండలో ఇమడరు.

మగతనం గురించి కూడా ఒక మాట. అమెరికన్ పరిశోధకురాలు కేరల్ కోన్ 1987లోనే రక్షణ నిపుణుల భాషలో బాంబు ఎలా పురుషత్వానికి గుర్తుగా మారుతుందో రాసింది. అది పాశ్చాత్యుల జబ్బు మాత్రమే కాదు. 1998 మేలో మన పరీక్షలకు వెంటనే జవాబివ్వలేదని బేనజీర్ భుట్టో బహిరంగ సభలో తన గాజులు తీసి నవాజ్ షరీఫ్‌కని విసిరింది. నెల తిరగకుండానే పాకిస్తాన్ కూడా పేల్చింది. గాజులంటే పిరికితనమని ఒక స్త్రీ నాయకురాలే అంటే, ఆ భాష ఎంత లోతుకి దిగిందో చూడండి. బ్రిటన్‌లో గ్రీన్‌హామ్ కామన్ వైమానిక స్థావరం చుట్టూ 1982 డిసెంబరులో ముప్ఫై వేల మంది స్త్రీలు చేతులు కలిపి నిలబడ్డారు. ఆ చేతుల్ని ఎవరు పిరికివంటారు?

2025 మార్చి నాటికి జపాన్‌లో ప్రభుత్వ గుర్తింపు ఉన్న హిబాకుషాల సంఖ్య లక్షకు తగ్గింది. వాళ్ళ సగటు వయసు 86. ఇంకొన్నేళ్ళకు సాక్ష్యం చెప్పడానికి ఎవరూ మిగలరు, మౌనం పాటించేవాళ్ళే మిగులుతారు. అందుకని ఆగస్టు 6న మన మహిళా సంఘాలు జరిపే సభల్లో కొవ్వొత్తుల పక్కన ఒక సంతకాల పుస్తకం కూడా పెట్టాలని నా ప్రతిపాదన. 2021 జనవరి 22న అమల్లోకి వచ్చిన ఆ ఒప్పందం మీద భారతదేశం ఎందుకు సంతకం చేయలేదో పార్లమెంటులో అడగమని మన ఎం.పి.లకు రాద్దాం. తెలుగులోనే రాద్దాం, కూరగాయల బజారులో చదివి వినిపించగలిగేంత చిన్నగా. ఎన్ని సంతకాలు వచ్చాయో, ఏ ఎం.పి. ఏమని జవాబిచ్చారో, ఎవరు ఇవ్వలేదో తర్వాతి సంచికలో పేర్లతో సహా వేసుకుందాం.