ఓడినవారికి మఱునాటి ఆట

2025 జూలై 5వ తేదీన థాయిలాండు దేశమందలి చియాంగ్‌మాయి నగరమున భారత మహిళల ఫుట్‌బాల్ జట్టు ఆతిథేయ జట్టును 2–1తో ఓడించి, 2026 మార్చిలో ఆస్ట్రేలియాలో జరుగునట్లు నిర్ణయింపబడిన ఆసియా కప్పునకు అర్హత సంపాదించినది. ఆ దినముననే బర్మింగ్‌హామ్ టెస్టు రెండవ ఇన్నింగ్సులో గూడ శుభ్‌మన్ గిల్ శతకము బాదియుండుటచే, మన జనుల కన్నులును చెవులును అటే మరలియుండెను. ఇందు గిల్ దోషమేమియు లేదు. పాఠకులను తప్పుపట్టుటయు న్యాయము కాదు. కాని ఆ గెలుపు ఎట్టిదో, ఏ లెక్కలపై నిలిచినదో, అందు తెలుగునాటి పాలెంతయో విచారించుట ఉత్సాహము చల్లారిన పిమ్మటనే సుకరమగును గనుక, ఆలస్యమైనను ఆ ప్రసంగమును ఇచ్చట ఎత్తుకొనుచున్నాను.

ముందు ఈ పోటీల కట్టుబాటును తెలిసికొనవలెను. 34 దేశములను ఎనిమిది గ్రూపులుగా విభజించి, ఒక్కొక్క గ్రూపులోని జట్లన్నియు ఒకేచోట కూడి ఆడునట్లు ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య ఏర్పాటు చేసినది. గ్రూపున ప్రథమస్థానము పొందినవారికే ప్రవేశము. రెండవవారు రిక్తహస్తములతో ఇంటికి మరలవలసినదే. ఆతిథేయ ఆస్ట్రేలియాకును, 2022 పోటీలో మొదటి మూడు స్థానములను గడించిన చైనా, దక్షిణ కొరియా, జపానులకును ఈ పరీక్ష లేదు. మనకు తగిలిన గ్రూపులో థాయిలాండు, ఇరాకు, మంగోలియా, తూర్పు తిమోరు ఉండెను. థాయి జట్టు అప్పటికి ప్రపంచ ర్యాంకులలో 46వది, మనది 70వది. అంతేకాక ఆ జట్టు 2015, 2019 సంవత్సరములలో ప్రపంచ కప్పు పోటీలలో ఆడిన అనుభవము గలది. పైగా ఆట వారి యింట.

మొదటి మూడు మ్యాచ్‌లలో మనవారు మంగోలియాను 13–0తోను, తూర్పు తిమోరును 4–0తోను, ఇరాకును 5–0తోను ఓడించిరి. థాయి వనితలు గూడ ఆ మూడు జట్లమీదనే సరిగా ఇరువదిరెండు గోల్స్ చేసి, ఒక్కటియు ఇయ్యకుండిరి. పాయింట్లు సమానము, గోల్స్ సమానము, వ్యత్యాసము సమానము! చివరి మ్యాచ్ సమముగా ముగిసియుండినచో పెనాల్టీ షూటౌట్ తప్ప గత్యంతరము లేదు. కావున మంగోలియాపై పదుమూడవ గోల్ ఎందులకని ఆనాడు ఎవరైనను విసుగుకొనియుండినచో, ఆ విసుగు అజ్ఞానజనితమని చివరిదినమున తేలినది: పండ్రెండుతో ఆగియుండినచో చివరి మ్యాచ్ డ్రా అయినను మనము వెలుపలనే నిలిచియుందుము. బంగాళమందలి కల్యాణి పట్టణమునకు చెందిన సంగీతా బాస్ఫోర్ ఇరుసగములలోను ఒక్కొక్క గోల్ చేసి ఆ సంకటమును తప్పించినది. కోచ్ క్రిస్పిన్ ఛెత్రీ శిక్షణలో సాధింపబడిన ఈ ప్రవేశము, అర్హత పోటీల ద్వారమున భారత మహిళల జట్టు పొందిన మొట్టమొదటి ప్రవేశము.

మొట్టమొదటిదనగానే పెద్దలు కొందఱు కనుబొమలు ఎగురవేయుదురు. ఇదే ఆసియా పోటీలో కోళిక్కోడులో మనము రన్నరప్‌గా నిలువలేదా, 1983లో బ్యాంకాకు ఫైనల్ వఱకు పోలేదా అని ప్రశ్నింతురు. నిలిచితిమి, పోయితిమి, కోళిక్కోడు ఫైనల్‌లో చైనీస్ తైపే చేతను, బ్యాంకాకులో ఇదే థాయిలాండు చేతను ఓడితిమి. అయితే ఆనాటి పోటీలకు వచ్చిన దేశములను వ్రేళ్లమీద లెక్కింపవచ్చును; ముందుగా వడపోత యనునది లేదు. ఆ క్రీడాకారిణుల పట్టుదలకు నమస్కరించుచునే, దానిని జాతీయ వైభవముగా చాటుటకు నేనొప్పుకొనను. వైభవమే యైనచో 2003లో చైనాచేత 12–0తో ఓడుట ఎట్లు సంభవించును? 2009లో మన మహిళల జట్టు చాలకాలము మ్యాచ్‌లే ఆడకపోవుటచే ప్రపంచ ర్యాంకుల పట్టికనుండి దాని పేరే తొలగిపోయినది. ఓడుటకంటె ఆడకుండుట పెద్ద అపజయమని చెప్పుటకు ఇంతకు మించిన నిదర్శనము అక్కఱలేదు. 2022లో నవీ ముంబయిలో ఆతిథేయులమై నేరుగా ప్రవేశించియు, ఇరానుతో ఒక్క మ్యాచ్ 0–0గా ముగిసిన పిమ్మట, కోవిడ్ సోకి చాలినంతమంది క్రీడాకారిణులు లేక పోటీనుండి వైదొలగితిమి.

ఇక నా ప్రధాన ప్రసంగమునకు వచ్చెదను. 13–0 అను అంకెను చూచి సహృదయుడైన పాఠకుడు మంగోలియా బాలికలపై జాలిపడును. ఇంత అసమానమైన జట్లను ఒకచోట కూర్చి ఆడించుట క్రీడయా, క్రూరత్వమా అనును. ఆ ఆక్షేపణలో కొంత సత్యము లేకపోలేదు. కాని ఆ మంగోలియా స్థానమున అంతకు ఎనిమిదేండ్ల ముందు మనమే యుంటిమి. 2017 ఏప్రిల్‌లో ప్యాంగ్యాంగ్‌లో జరిగిన ఇట్టి అర్హత పోటీలలోనే ఉత్తర కొరియా చేత 8–0తోను, దక్షిణ కొరియా చేత 10–0తోను మనవారు ఓడిరి. ఓడియు ఇంటికి రాలేదు. హాంకాంగుతో ఆడవలసిన మ్యాచ్ మిగిలియుండెను, దానిని 2–0తో గెలిచిరి. ఈ పోటీల యందలి గుణమంతయు నాకు అచ్చటనే కనబడుచున్నది. ఇది లీగు పద్ధతి. అయిదు జట్లున్న గ్రూపులో ప్రతిజట్టునకును నాలుగు మ్యాచ్‌లు దక్కును. పదుమూడు గోల్స్ ఇచ్చుకొన్న జట్టు గూడ కొలదిదినముల విశ్రాంతి పిమ్మట మరల బూట్లు కట్టుకొని మైదానమునకు రావలెను, తొలి మ్యాచ్‌లోని లోపమును మలి మ్యాచ్‌లో దిద్దుకొనుటకు ప్రయత్నింపవలెను. గెలిచిన జట్టు నేర్చుకొనునది స్వల్పము. ఓడిన జట్టునకు మఱునాటి ఆట యుండినపుడే ఆ ఓటమి విద్యగా పరిణమించును.

స్వదేశమున గూడ మార్పునకు మూలము ఇదియే. 2016–17లో భారత మహిళల లీగు ప్రారంభమైనది. దాని నిర్వహణలో లోపములు లేవని కాదు; ఏడాది పొడవున సాగవలసినది కొన్ని నెలలలోనే ముగియుచున్నదను మాట సత్యము. అయినను, ఒకమాఱు ఓడి ఏడాది పాటు ఊరకుండుటకును, ఓడి వారము తిరుగకుండ మరల ఆడుటకును గల భేదము కాలిక్రింది బంతికి తెలియును. 2025లోనే ఆగస్టులో యాంగూనులో ఇరువదేండ్ల లోపు జట్టు ఆతిథేయ మయన్మారును 1–0తో ఓడించి ఆసియా పోటీకి అర్హత పొందినది. అక్టోబరులో బిష్కెక్‌లో పదునేడేండ్ల లోపు జట్టు ఉజ్బెకిస్తానును 2–1తో ఓడించి తానును అర్హత పొందినది. ఒకే యేట మూడు వయోవర్గములు గట్టెక్కుటను అదృష్టమనుట అవివేకము.

కాగా చియాంగ్‌మాయిలో గెలిచిన జట్టులోనివారి స్వస్థలములను పరిశీలించితిమేని మనకు కొంత లజ్జ కలుగక తప్పదు. స్వీటీ దేవి, గ్రేస్ డాంగ్‌మెయ్, రతన్‌బాలా దేవి మణిపురమువారు. మంగోలియాపై అయిదు గోల్స్ చేసిన ప్యారీ జాజా ఒడిశా బిడ్డ. ప్రియదర్శిని, కార్తిక తమిళనాడునకు చెందినవారు. మనీషా కల్యాణ్ పంజాబు పల్లెనుండి వచ్చి ఐరోపా క్లబ్బులలో ఆడినది. తెలుగునాటినుండి చెప్పుకొనదగిన పేరొక్కటే: గుగులోత్ సౌమ్య. నిజామాబాదు జిల్లాలోని లంబాడ తండాలో పుట్టి, 2022లో క్రొయేషియా దేశపు డైనమో జాగ్రెబ్‌కు ఆడి, 2024–25లో భారత లీగు గెలిచిన ఈస్ట్ బెంగాల్ జట్టున రాణించి, ఆ యేటి జాతీయ ఉత్తమ క్రీడాకారిణి బహుమతి నందుకొన్న ఈమె మంగోలియాపై రెండు గోల్స్ చేసినది. 2011 లెక్కలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశపు జనాభాలో మణిపురపు జనాభా సుమారు ముప్పదియవ వంతు. ఆ చిన్న రాష్ట్రము జట్టునకు వెన్నెముక యగుచుండగా, ఫుట్‌బాల్ దిగ్గజములైన సయ్యద్ అబ్దుల్ రహీమును, తులసీదాస్ బలరామును దేశమునకిచ్చిన హైదరాబాదు గల మన నేల ఒక్క బాలికతో తృప్తిచెందుచున్నది. రహీము పేరు తలచుకొని నిట్టూర్చుట మనకు అలవాటైపోయినది. ఆ నిట్టూర్పులలో ఆడపిల్లల ప్రసక్తి ఎన్నడును రాకపోవుట గమనింపదగినది.

శక్తి లేదందుమా? సిడ్నీ ఒలింపిక్స్‌లో పతకము నెత్తిన కరణం మల్లీశ్వరిది మన ఉత్తరాంధ్రయే. విజయనగరము చెంతనున్న కొండవెలగాడ యను పల్లె ఎందఱో వెయిట్‌లిఫ్టర్లను కన్నది. బరువులెత్తు బాలికను ఒప్పుకొన్న సమాజము బంతి తన్ను బాలికను ఒప్పుకొనదనుట నమ్మశక్యము కాదు. ఈడు వచ్చిన పిల్లను నిక్కరు తొడిగి మైదానమునకు పంపుటకు సంకోచించు తలిదండ్రులు మా ప్రాంతపు నక్కపల్లిలోను ఉన్నారు, నర్సీపట్నములోను ఉన్నారు. అయితే అదే తల్లి, అదే తండ్రి కబడ్డీ పోటీకి కుమార్తెను పంపుచున్నారు, కప్పు తెచ్చినచో ఆ ఫొటోను గోడకు తగిలించుచున్నారు. కబడ్డీకి పిలుచువారున్నారు. ఫుట్‌బాల్‌కు లేరు.

ఈ మాట అతిశయోక్తి కాదనుటకు ఒక ప్రభుత్వ నిదర్శనమే కలదు. 2023 డిసెంబరు 26న ఆరంభమై 2024 ఫిబ్రవరిలో విశాఖపట్నమున ముగిసిన ‘ఆడుదాం ఆంధ్ర’ పోటీలు సచివాలయస్థాయి మొదలు మండలము, నియోజకవర్గము, జిల్లా, రాష్ట్రము వఱకు మెట్లు మెట్లుగా ఏర్పఱుపబడినవి. స్త్రీలకు ప్రత్యేకముగా అవకాశమీయబడినది. ఆ పథకముపై రాజకీయ వాదములెన్ని యున్నను, గ్రామమునుండి రాష్ట్రమువఱకు ఒక అర్హత సోపానమును నిర్మించుట సాధ్యమేయని అది ఋజువు చేసినది. కాని పోటీ పెట్టిన ఆటలు క్రికెట్టు, వాలీబాల్, కబడ్డీ, ఖోఖో, బ్యాడ్మింటన్. సోపానమంతయు సిద్ధముగ నుండగా ఫుట్‌బాల్ దానిపై అడుగే పెట్టలేదు.

రెండవ లోపము ఇంతకంటె లోతైనది. మన పాఠశాలల క్రీడలు సాధారణముగా నాకౌట్ పద్ధతిపై నడచును, లేదా ఒకపూట సెలక్షన్ ట్రయల్స్‌తో ముగియును. పొరుగు మండలపు జట్టుతో ఉదయము పదిగంటలకు ఆడి ఓడిన బాలికలకు, పదకొండు గంటలకు ఆ సంవత్సరపు క్రీడాజీవితము సమాప్తము. పీఈటీ మాస్టారు నిస్సహాయుడై జట్టును ఆటో ఎక్కించి తిరిగి తెచ్చును. ఆ పిల్లలలో నొకతెకు ఎడమకాలి వాటము అద్భుతముగా నుండవచ్చును. దానిని రెండవమాఱు చూచువారెవ్వరు? నాకౌట్ వలన దినములు, భోజనములు, పంచాయితీలు కలిసివచ్చును గనుక అధికారులకు అది ఇష్టము. ఏటేట కలిసివచ్చునది ఆ మాత్రమే.

నక్కపల్లి నిత్యము వేలాది లారీలు పోవు జాతీయరహదారిపై నున్న మండలకేంద్రము; ఈ మండలమున బల్క్‌డ్రగ్ పార్కునకు సుమారు రెండువేల ఎకరములు ఉద్దేశింపబడినవి. పెద్దల ఫుట్‌బాల్ మైదానమునకు కావలసినది రెండెకరములకు లోపు. పండ్రెండేండ్ల పిల్లలకైనచో ఉన్నత పాఠశాల ఆవరణలో సగము చాలును. భూమి కొఱతయని ఇచ్చట ఎవరైనను అన్నచో వినువారు నవ్వుదురు.

కావున నా సూచన చిన్నది. నక్కపల్లి, పాయకరావుపేట, ఎస్.రాయవరము, కోటవురట్ల, నర్సీపట్నము: ఈ అయిదింటికి పదునాలుగేండ్ల లోపు బాలికల జట్లు అయిదు. చియాంగ్‌మాయి గ్రూపులో వలెనే మొత్తము పది మ్యాచ్‌లు. ఆదివారమునకు రెండు చొప్పున అయిదు ఆదివారములు. ప్రతివారము ఒక జట్టునకు విశ్రాంతి. ప్రతిజట్టునకును నాలుగు మ్యాచ్‌లు. మొదటి ఆదివారము తొమ్మిది గోల్స్‌తో ఓడిన జట్టు గూడ చివరివఱకు ఆడవలసినదే, ఆడింపవలసినదే. వానలు వెనుకబట్టిన పిమ్మట మొదలుపెట్టినచో సంక్రాంతి సెలవులకు ముందే ముగియును.

ఖర్చు మాటయందురా, 2025 ఆగస్టు 15 నుండి ఆర్టీసీ పల్లెవెలుగు బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము కలదు గనుక రానుపోను చార్జీల బెంగ తీరినది. బంతులు, గోల్‌పోస్టులకు గుంజలు, ఒక రిఫరీ, మధ్యాహ్నమునకు భోజనము – వీనిని భరించుటకు ఒక మండలమున చందాలు పోగుచేయ నక్కఱలేదు. నిజముగా కష్టమైనది ఒక్కటే: ఆదివారమున బాలికల వెంట రాగల ఉపాధ్యాయురాలు. ఆమె యింట పిల్లలుందురు, వంట యుండును; వారమున ఆఱుదినములు పనిచేసి ఏడవదినమున గూడ రమ్మనుట అన్యాయము. ఆ యైదు ఆదివారములకు బదులుగా పనిదినములలో అయిదు సెలవులిత్తుమని జిల్లా విద్యాశాఖాధికారి ఒక కాగితముపై వ్రాసి సంతకము పెట్టవలసియుండును.