జాకెట్టు కోసం బస్తీకి పరుగులెందుకు?

పండుగ దగ్గర పడినా, పెళ్ళి ముహూర్తం పెట్టినా పల్లెల్లో ఆడవారికి పట్టుకునే మొదటి బెంగ జాకెట్టు. గుడ్డ తీసుకుని బస్తీకి వెళితే టైలరు వారం తర్వాత రమ్మంటాడు. వారం తర్వాత వెళితే ‘రేపు’ అంటాడు. మామూలు నూలు జాకెట్టుకు గుడ్డ ఖరీదును మించి కుట్టుకూలి అవుతున్న సందర్భాలు అనేకం. ఆడవారికి బస్సు ఉచితమైనా, పోయిన పూట కూలి తిరిగి రాదు కదా!

ఈ అవస్థకు మందు ఇంట్లో ట్రంకుపెట్టెలోనే ఉంది. ఒంటికి చక్కగా అమరిన పాత జాకెట్టు ఒకటి తీసి, కుట్లు విప్పి, ఇస్త్రీ చేసి, ఒక్కో ముక్కను వార్తాపత్రిక మీద పరచి గీసుకుంటే నమూనా తయారైనట్లే. వెనుక భాగం, ముందు భాగాలు, చేతులు, నడుము పట్టీ, హుక్సు పట్టీలు - ఒక్కసారి కత్తిరించి దాచుకున్న కాగితం ఏళ్ళ తరబడి పనికి వస్తుంది.

అయితే వయసుతో ఒళ్ళు మారుతుంది. అందుచేత టేపుతో మళ్ళీ కొలవడం తప్పనిసరి. ఛాతీ చుట్టుకొలత 36 అంగుళాలైతే, మడత గుడ్డపై వెనుక భాగానికి అందులో నాలుగో వంతు 9 అంగుళాలు పెట్టి, కుట్టుకూ తర్వాత వదులు చేసుకోవడానికీ మరో ఒకటిన్నర నుంచి 2 అంగుళాలు వదలాలి. నూలు గుడ్డను ముందుగా తడిపి ఆరవేయకపోతే మొదటి ఉతుకులోనే బిగుసుకుపోతుంది. ముందు భాగాలను ఐమూలగా కత్తిరిస్తే గుడ్డ కాస్త సాగి ఒంటికి అమరుతుంది. మెడ మొదట తక్కువగానే తీయాలి. తక్కువైతే మళ్ళీ తీయవచ్చు, ఎక్కువైతే అతకలేము.

ఇందువల్ల దర్జీల పొట్ట కొట్టినట్లవుతుందన్న వాదన సరికాదు. పట్టు జాకెట్లు, మగ్గం పని జాకెట్లు ఎలాగూ వారి దగ్గరికే వెళతాయి. రోజూ కట్టుకునే నాలుగు జాకెట్లు ఇంట్లో కుట్టుకుంటే మిగిలేది పేద ఇంటి డబ్బే.

విచారకరమైన విషయమేమంటే, మిషన్లు ఉన్న ఇళ్ళల్లో కూడా కత్తెర పట్టే ధైర్యం లేదు. 2023లో ప్రారంభమైన విశ్వకర్మ పథకంలో దర్జీ పని కూడా ఉంది. పనిముట్లకు రూ. 15,000 వరకు, 5 నుంచి 7 రోజుల ప్రాథమిక శిక్షణ అందులో చెప్పారు. కాని మిషను తొక్కడం ఒక ఎత్తు, గుడ్డ కత్తిరించడం మరో ఎత్తు. కటింగు రాని చేతికి మిషను ఇస్తే అది బట్టలు ఆరవేసుకునే బల్లగా మిగిలిపోతుంది.

ప్రతి ఊళ్ళోనూ కటింగు తెలిసిన పెద్దావిడ ఒకరైనా ఉంటారు. మహిళా సంఘాలు ఆమె చేత 32 నుంచి 40 అంగుళాల దాకా అట్టముక్కలపై నమూనాలు గీయించి సంఘం గదిలో ఉంచాలి. వేసవి సెలవుల్లో ఆడపిల్లలకు నేర్పించాలి. ఆమెకు గౌరవప్రదంగా కొంత పారితోషికం ఇచ్చే విషయం పంచాయతీలు ఆలోచించాలి. ఆ పెద్దావిడ చేతిలోని విద్య ఆమెతోనే పోకముందే ఈ పని జరగడం అవసరం.