ఒకే ముక్క కుర్చీ

పిల్లలూ! అనంతగిరిలో గాని, మరే ఊళ్ళో గాని, వడ్రంగి పనిచేస్తుంటే కాసేపు నిలబడి చూడండి. ఉలి పెట్టేముందు చెక్కలో నార ఎటు నడిచిందో చూసుకుంటాడు. అది చూడకుండా ఉలి వేస్తే చెక్క చీలిపోతుంది. అమెరికాలో ఇద్దరు భార్యాభర్తలకు చెక్క స్వభావం తెలిసి, తమ కోరిక తీరడానికి పదేళ్ళు పట్టింది!

భర్త చార్లెస్ ఈమ్స్ ఇళ్ళకు నమూనాలు గీసేవాడు. భార్య రే చిత్రకారిణి. 1941లో పెళ్ళాడి లాస్ ఏంజెలిస్ చేరారు. కూర్చునే పలక, వీపు ఆనే పలక కలిసి ఒకే ముక్కగా ఉండే కుర్చీని చౌకగా చేయాలని వారి కోరిక. ఇందుకు ప్లైవుడ్‌ను ఎంచుకున్నారు.

ప్లైవుడ్ అంటే పల్చని చెక్క పొరలను, ఒకదాని నార నిలువుగా, మరొకదాని నార అడ్డంగా ఉండేట్టు జిగురుతో అంటించిన పలక. దాన్ని ఒకవైపు వంచవచ్చు. గిన్నెలాగా వంచబోతే పగులుతుంది. ఒక కాగితం తీసుకోండి. చుడితే గొట్టం అవుతుంది. గిన్నె చేయబోతే? మడతలు పడుతుంది!

ఈమ్స్ దంపతులు ఇంట్లోనే అచ్చు తయారుచేసి, సైకిలు పంపుతో గాలి కొట్టి, పొరలను అచ్చుకు నొక్కి చూశారు. 1942లో, యుద్ధంలో కాలు విరిగినవారికి కట్టే ప్లైవుడ్ బద్దలను నౌకాదళం కోసం రూపొందించారు. వాటిలో అక్కడక్కడ కంతలు ఉంచారు. కంతల వల్ల వత్తిడి తగ్గి చెక్క పగలలేదు. కట్టు గుడ్డ దూర్చడానికీ అవి పనికివచ్చాయి.

యుద్ధం ముగిశాక కుర్చీకి రెండు పలకలూ విడివిడిగానే చేశారు. అది గొప్ప పేరు తెచ్చింది. అయినా పాత కోరిక పోలేదు. చివరికి 1950లో, గాజునార కలిపిన ప్లాస్టిక్‌తో ఒకే ముక్క కుర్చీ బయటికి వచ్చింది! 1956లో తోలుదిండ్ల వాలుకుర్చీకి మళ్ళీ ప్లైవుడ్ వాడారు. కాని ఈసారి తలకు, వీపుకు, కూర్చోడానికి మూడు వేరువేరు పలకలు పెట్టారు.

1958లో మన ప్రభుత్వం పిలవగా వారు భారతదేశం వచ్చారు. ఇక్కడి వస్తువులన్నిటిలో వారికి ఎక్కువ నచ్చినదేమిటో తెలుసునా? చెంబు! ఎన్ని నీళ్ళు పట్టాలి, అంచు ఎట్లా ఉంటే ఒలకకుండా పోయవచ్చు, తోమడానికి చెయ్యి దూరుతుందా—ఇన్ని ప్రశ్నలకు జవాబు చెంబు రూపంలో ఉన్నదనీ, దాన్ని ఏ ఒక్కరో కాదు, తరతరాల జనం తీర్చిదిద్దారనీ నివేదికలో రాశారు. ఆ నివేదిక తరువాత 1961లో అహమ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ వెలిసింది. 2015లో ఆంధ్రప్రదేశ్‌లోనూ అటువంటి సంస్థ ఆరంభమైంది.

చార్లెస్ 1978లోనూ, రే 1988లోనూ చనిపోయారు. ఈసారి కుర్చీలో కూర్చునేముందు దాన్ని తిరగవేసి చూడండి. ఎన్ని ముక్కలున్నాయి? అన్నే ఎందుకున్నాయి?