ఎలుగుబంటికి ఏ గోలీ?

సుమ్మాదేవి వైపు కుర్రదోస్త్ ఒకడి సవాల్: "భాయ్, ఎలుగుబంటిని ఆపాలంటే ఏ తూటా? బ్యారెల్‌లో ట్విస్ట్ ఎంతుండాలి?"

ట్విస్ట్ హిసాబ్ సీదాసాదా. బ్యారెల్ లోపలి మెలికల గాళ్లు గోలీని బొంగరంలా తిప్పుతాయి. ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు పూర్తవుతుందన్నదే ట్విస్ట్. గోలీ పొడవు పెరిగేకొద్దీ చుట్టు త్వరగా పూర్తికావాలి, లేకుంటే గాల్లో తూలుతుంది. గ్రీన్‌హిల్ 1879లోనే దీనికి సూత్రం రాశాడు. .30-06 రైఫిల్‌కి 10 అంగుళాలకు ఒక చుట్టు మామూలు.

అమెరికా షికారీ ఈ హిసాబ్ చూసుకుని రైఫిల్ చేయించుకుంటాడు. మనకా ఇఖ్తియార్ ఎక్కడిది? ఫౌజీ .303 ప్రజల చేతికి రాకూడదని అంగ్రేజ్ జమానాలో .315 వచ్చింది. ఆజాదీ తర్వాత మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ కూడా అదే చేసింది. పైగా 1972 వన్యప్రాణి ఖానూన్ ప్రకారం ఎలుగు షికార్ జుర్మ్. మీదపడినప్పుడు జాన్ కాపాడుకోవడానికి చంపితే సెక్షన్ 11 మాఫీ ఇస్తుంది. తోటలో మాటేసి కాలిస్తే మాత్రం జైలే.

మగర్ ఆ కుర్రాడి ఖౌఫ్ ఝూటా కాదు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగుబంటి ఒకరి ప్రాణం తీసింది, మరికొందరిని గాయపరిచింది. పట్టుకున్నాక అదీ బతకలేదు.

జీడిపండ్లు, పనసపండ్లే దాన్ని తోటల్లోకి రప్పిస్తాయి. రాలిన పండ్లు ఎత్తేద్దాం, జట్టుగా వెళదాం. సర్కార్‌ని అడగాల్సింది తోటదారికి దీపాలు, పిలవగానే వచ్చే మత్తు తుపాకీ బృందం. తెల్లారగట్ల జీడిపిక్కలు ఏరడానికెళ్లే అమ్మ చేతిలో రైఫిల్ ఉండదు కదా భాయ్!